పెద్దవాళ్ళ ఎముక విరిగితే: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనపడింది, "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకండీ" అని. అందుకే ఈ నెల మొత్తం పెద్దవాళ్ళ ఎముకల గురించే పెట్టుకున్నా. ఏళ్ళ తరబడి ఈ వార్డుల్లోనే తిరుగుతున్నా, పేషెంట్లని పరిశోధనల్లో చేర్చే పని కూడా చేశా, కాబట్టి కళ్ళతో చూసింది, ట్రయల్స్‌లో తేలింది రెండూ కలిపి చెప్తా. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: మా అమ్మకి 82 ఏళ్ళు. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్తూ పడిపోయింది, తుంటి ఎముక విరిగిందన్నారు. డాక్టర్ గారు రేపే ఆపరేషన్ అంటున్నారు. చుట్టాలేమో ఈ వయసులో కత్తి పెట్టించొద్దు, గుండె తట్టుకోదు, మంచం మీదే చూసుకుందాం అంటున్నారు. మత్తు నడుముకి ఇస్తారా పూర్తిగా ఇస్తారా అని అదో భయం. ఏం చెయ్యాలో తోచట్లేదు. – ఒక కూతురు

జవాబు: అమ్మా, మీకు ఆ రోజే విడిగా రాశాను, చేయించండి అని. ఇదే ప్రశ్న రేపో మాపో ఇంకో ఇంట్లో వస్తుంది కాబట్టి ఇక్కడ వివరంగా చెప్తున్నా.

ముందు విరిగిన ఆ కాలు చూడండి. పడుకోబెట్టినప్పుడు రెండో కాలి కంటే కాస్త పొట్టిగా కనపడుతుంది, పాదం బయటి వైపుకి వాలిపోయి ఉంటుంది. దుప్పటి మార్చడానికి కొంచెం పక్కకి ఒత్తిగిల్లిస్తే చాలు, ప్రాణం పోయినట్టు కేక పెడతారు. ఆ నొప్పికి భయపడి ఆవిడ కదలరు, మీరూ కదపరు. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే. రెండు మూడు రోజులకి మడమ మీద ఎర్రటి మచ్చ వస్తుంది, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు, అది పుండుకి మొదటి మెట్టు. వెల్లకిలా పడుకునే ఉంటారు కాబట్టి గట్టిగా దగ్గలేరు, కఫం అడుగున పేరుకుని నెమ్ము చేస్తుంది. కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ రావొచ్చు, కండ రోజురోజుకీ కరిగిపోతుంది. "మంచం మీదే చూసుకుందాం" అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు, కానీ మంచం ఆ వయసు మనిషికి ఏం చేస్తుందో వాళ్ళు దగ్గరగా చూసి ఉండరు.

ఒక కష్టమైన నిజం కూడా చెప్పాలి. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో నూటికి 20 నుంచి 30 మంది ఏడాది తిరక్కుండానే పోతున్నారు, చాలా దేశాల లెక్కలు అటూ ఇటూగా ఇదే చెప్తున్నాయి. దాంతో జనం ఆపరేషన్ చేయించారు, అందుకే పోయారు అనేస్తారు. అందులో చాలామందికి పడకముందే గుండె, కిడ్నీ, ఊపిరితిత్తులు అంతంతమాత్రంగా ఉంటాయి, ఆ పడిపోవడం కూడా చాలాసార్లు ఆ నీరసం వల్లే. ఇక్కడ ఆపరేషన్ చేసేది నొప్పి తగ్గించి మనిషిని లేపి కూర్చోబెట్టడానికి. లేచి కూర్చుంటే ఊపిరి బాగా ఆడుతుంది, నోటికి నాలుగు ముద్దలు వెళ్తాయి, మనుషుల మొహాలు కనపడతాయి.

ఎంత తొందరగా చెయ్యాలి అనేదాని మీద మంచి పరిశోధనే జరిగింది. హిప్ అటాక్ అని ఒక ట్రయల్, 17 దేశాల్లో 2,970 మంది పేషెంట్లు, 2020లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి విరిగిందని తెలిసిన సుమారు ఆరు గంటల్లో ఆపరేషన్, మిగతా సగానికి మామూలు పద్ధతిలో సుమారు 24 గంటలకి. మూడు నెలల్లో చనిపోయినవాళ్ళు తొందరగా చేసిన గుంపులో నూటికి 9, రెండో గుంపులో నూటికి 10, అంటే తేడా ఉందని చెప్పలేం. కానీ తొందరగా చేసినవాళ్ళలో ఆపరేషన్ తర్వాత వచ్చే మతి తడబాటు తక్కువ, మూత్రం ఇన్ఫెక్షన్లు తక్కువ, త్వరగా నిలబడ్డారు, త్వరగా ఇంటికెళ్ళారు. దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నది ఏంటంటే, అర్ధరాత్రి పరుగులు పెట్టి ఆరో గంటకే చేసి తీరాలని లేదు, కానీ "చూద్దాం, వచ్చే వారం చూద్దాం" అంటూ రోజులు లాగడం మాత్రం తప్పు. బ్రిటన్‌లో గైడ్‌లైన్ ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోజు గానీ మర్నాడు గానీ అయిపోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండె ఆయాసం అదుపులో లేకపోయినా కొంచెం ఆగాల్సి రావొచ్చు, అలాంటప్పుడు ఎందుకు ఆగుతున్నారు, ఎప్పటిదాకా అని అడిగి తెలుసుకోండి, అడగడం మీ హక్కు.

మత్తు విషయం. నేను చదువుకునే రోజుల్లో నడుముకి ఇచ్చే మత్తే పెద్దవాళ్ళకి మంచిదని గట్టిగా నమ్మేవాళ్ళం. 2021లో రీగెయిన్ అనే ట్రయల్ 1,600 మంది మీద ఈ రెండిట్నీ పోల్చి చూసింది. 60 రోజులకి చనిపోవడమో, కొత్తగా నడవలేకపోవడమో జరిగినవాళ్ళు నడుము మత్తు గుంపులో నూటికి 18.5, పూర్తి మత్తు గుంపులో 18. తేడా లేనట్టే. కాబట్టి ఆ నిర్ణయం మత్తు డాక్టర్ గారికి వదిలేయండి, అమ్మగారి నడుము, గుండె, వాడే మందులు చూసి ఏది వీలైతే అది ఇస్తారు. మీరు అడగాల్సింది ఇంకోటుంది: ఆపరేషన్ దాకా నొప్పి తెలీకుండా గజ్జ దగ్గర నరానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తారా అని. ఆ ఒక్క ఇంజెక్షన్‌తో మొహం మీద ముడతలు విప్పారడం నేను ఎన్నోసార్లు చూశా.

ఏ రకం ఆపరేషన్ అనేది ఎక్కడ విరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. తొడ ఎముక మెడ దగ్గర విరిగి ముక్క పక్కకి జరిగిపోతే ఎముక పైనుండే గుండ్రటి తల, అదే బాల్, తీసి కొత్తది వేస్తారు, ఇంకాస్త కిందకి విరిగితే రాడ్డో, ప్లేటు స్క్రూనో వేస్తారు. బాల్ మార్చేటప్పుడు ఎముక సిమెంట్‌తో బిగించడం మంచిదా, సిమెంట్ లేకుండానా అని బ్రిటన్‌లో 60 దాటిన 1,225 మందితో చూశారు, 2022లో చెప్పారు. సిమెంట్ వేసినవాళ్ళు నాలుగు నెలలకి కాస్త మెరుగ్గా ఉన్నారు, ఆ బాల్‌కి ఎముక లోపలికి దిగే కాడ చుట్టూ ఎముక మళ్ళీ విరగడం సిమెంట్ గుంపులో నూటికి 0.5 అయితే రెండో గుంపులో 2.1.

ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెడతారు, అప్పుడే ఎందుకు లేపుతున్నారని ఫిజియో వాళ్ళ మీద కోప్పడకండి.

ఒక్క మినహాయింపు చెప్పకపోతే నాకే మనసొప్పదు. అప్పటికే మంచాన పడి, మనుషుల్ని గుర్తుపట్టలేక, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో కేర్ హోముల్లో ఉండే బాగా బలహీనమైన పెద్దవాళ్ళకి, ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడి, ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళకి నొప్పి తెలీకుండా చూసుకుంటూ వెళ్ళారు, ఉన్న ఆ కొద్ది రోజులూ వాళ్ళ బతుకు నాణ్యత ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కంటే ఏం తీసిపోలేదు. అలా వద్దనుకునేటప్పుడు చూడాల్సింది మనిషి పరిస్థితిని, వయసు అంకెని కాదు. పడే ముందు రోజు దాకా తన పని తాను చేసుకున్న 82 ఏళ్ళ మనిషి ఆ లెక్కలోకి రారు.

ప్రశ్న: నాన్నకి తుంటి ఆపరేషన్ బాగానే అయింది. కానీ రెండో రోజు రాత్రి నుంచి గోడ మీద ఎవరో ఉన్నారంటున్నారు, సెలైన్ గొట్టం పీకేస్తున్నారు, నన్ను చూసి ఎవరు నువ్వు అన్నారు. మతి పోయిందా డాక్టర్ గారూ? మత్తు ఎక్కువ ఇచ్చారా? – ఒక కొడుకు

జవాబు: బాబూ, కన్న తండ్రి ఎవరు నువ్వు అంటే గుండె ఎలా ఉంటుందో ఊహించగలను. దీన్ని డెలీరియం అంటారు, ఇందాక చెప్పిన మతి తడబాటు ఇదే. పిచ్చి కాదు, చాలామందిలో రోజుల్లోనే సర్దుకుంటుంది, కొందరికి వారాలు పడుతుంది. మత్తు ఎక్కువవ్వడం వల్ల అనుకుంటున్నారు కదా, పైన చెప్పిన రీగెయిన్‌లో నడుము మత్తు ఇచ్చినవాళ్ళలోనూ పూర్తి మత్తు ఇచ్చినవాళ్ళలోనూ అయిదుగురిలో సుమారు ఒకరికి ఇది వచ్చింది. నొప్పి, నిద్ర లేకపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, ఇన్ఫెక్షన్, కొన్ని రకాల మందులు, వీటిలో రెండు మూడు కలిస్తే చాలు. అందుకని ముందు డ్యూటీ డాక్టర్ గారికి చెప్పి ఇవన్నీ చూడమనండి, "పెద్దాయన కదా, అలాగే ఉంటారు" అంటే ఊరుకోవద్దు, నిన్నటిదాకా ఇలా లేరు అని గట్టిగా చెప్పండి. ఆ మాట చెప్పగలిగేది మీరొక్కరే, వాళ్ళకి ఆయన నిన్నటి మనిషి తెలీదు.

మీ చేతుల్లో ఉన్నవి కూడా చాలా ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టండి, చెవి మిషన్ ఉంటే తెచ్చి పెట్టండి. అద్దాలు బీరువాలో భద్రంగా దాచి మనిషిని మాత్రం ఆస్పత్రికి తీసుకొచ్చేవాళ్ళే ఎక్కువ, మనిషికేమో ఏదీ స్పష్టంగా కనపడదు వినపడదు, ఇంక గోడ మీద నీడ మనిషిలా కనపడక ఏం చేస్తుంది. పగలు కిటికీ తెరలు తీయండి, రాత్రి లైట్లు తగ్గించండి, రోజూ ఇది ఏ రోజు ఏ ఊరు అని మెల్లగా చెప్తూ ఉండండి, వాదించొద్దు. నిద్ర పట్టట్లేదని మీ అంతట మీరు నిద్రమాత్ర వేయకండి, అది ఇంకా ముంచుతుంది. తుంటి విరిగిన పేషెంట్లకి మొదట్నించీ వృద్ధుల వైద్యం చూసే డాక్టర్‌ని జత చేస్తే ఏమవుద్దని 2001లో 126 మంది మీద ఒక చిన్న ట్రయల్ వచ్చింది. మామూలుగా చూసినవాళ్ళలో సగం మందికి డెలీరియం వస్తే, ఇలా చూసినవాళ్ళలో నూటికి 32 మందికే వచ్చింది. వాళ్ళు ఎక్కువగా చేసింది ఇలాంటి చిన్న చిన్న పనులే, నొప్పి, నీళ్ళు, మందులు సరిచూడటం, లేపి కూర్చోబెట్టడం.

ప్రశ్న: నా వయసు 68. కాలు జారి చెయ్యి ఆనించి పడ్డాను, మణికట్టు విరిగింది. ఒకరు ప్లేటు వెయ్యాలన్నారు, ఇంకొకరు సిమెంట్ కట్టు చాలన్నారు. కట్టే వేయించుకున్నా, ఆరు వారాలకి తీసేశారు, చెయ్యి కొంచెం వంకరగా కనపడుతోంది గానీ పనులు చేసుకుంటున్నా. తప్పు చేశానా? ఇంక నేను మర్చిపోవచ్చా దీన్ని? – ఒక రిటైర్డ్ టీచరమ్మ

జవాబు: టీచరమ్మ గారూ, మొదటి ప్రశ్నకి జవాబు హాయిగా చెప్తా, తప్పేం చెయ్యలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో 60 దాటినవాళ్ళని 166 మందిని తీసుకుని సగానికి ప్లేటు, సగానికి కట్టు వేసి ఏడాది చూశారు. నొప్పి, చేతి పని రెండిట్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్స్‌రేలో ప్లేటు వేసిన ఎముక చక్కగా ఉంటుంది, అది చూసి మా డాక్టర్లకి సంతోషం, కానీ పెద్దవాళ్ళలో ఎక్స్‌రే అందానికీ చేతి పనికీ అంత లంకె లేదని తేలింది. భుజం దగ్గర విరిగినప్పుడు కూడా ఇలాగే, బ్రిటన్‌లో 250 మంది మీద 2015లో వచ్చిన ట్రయల్‌లో ఆపరేషన్ చేసినవాళ్ళూ చెయ్యి మెడకి వేలాడదీసి ఊరుకున్నవాళ్ళూ రెండేళ్ళకి ఒకలాగే ఉన్నారు. చర్మం చీరుకుని ఎముక బయటికొచ్చినా, నరం నొక్కుకుపోయినా, కీలు బాగా చెదిరినా అది వేరే కథ.

రెండో ప్రశ్నకి మాత్రం గట్టిగా చెప్తున్నా, మర్చిపోవద్దు. నిలబడిన ఎత్తు నుంచి పడితే ఎముక విరగకూడదండీ. విరిగిందంటే లోపల ఎముక పలచబడింది, దాన్నే బోలు ఎముకల వ్యాధి అంటాం. తుంటి విరిగి వచ్చిన ఆడవాళ్ళని ఇంతకుముందు ఎప్పుడైనా ఏదైనా విరిగిందా అని అడిగితే, చాలామంది "ఆ, ఎప్పుడో పదేళ్ళ కింద చెయ్యి విరిగింది, అతికింది" అని తేలిగ్గా చెప్తారు. ఆ పదేళ్ళలో ఎవరూ ఎముక బలం పరీక్ష చెయ్యలేదు, ఒక్క మందు ఇవ్వలేదు. మా వృత్తిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఇరిగింది అతికించి పంపించేస్తాం, ఎందుకు ఇరిగిందో అడగం.

మీరు చెయ్యాల్సింది డెక్సా స్కాన్, అదే ఎముక బలం పరీక్ష. పది పదిహేను నిమిషాలు పడుకుంటే చాలు, నొప్పి ఉండదు. అందులో టీ స్కోర్ అని, మీ ఎముకని వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి చెప్పే అంకె వస్తుంది, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. స్కోర్ కాస్త మెరుగ్గా ఉన్నా ఒకసారి విరిగింది కాబట్టి మందు అవసరం కావొచ్చు. గోడకి ఆనుకుని ఎత్తు కూడా కొలిపించుకోండి, వయసులో ఉన్నప్పటికంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గితే వెన్నుపూస ఏదైనా చప్పుడు చెయ్యకుండా నొక్కుకుపోయిందేమో చూడాలి.

మందుల్లో ఏడాదికోసారి డ్రిప్‌లో ఇచ్చేది ఒకటుంది, జోలెడ్రోనిక్ యాసిడ్ అని. తుంటి విరిగి ఆపరేషన్ అయిన 2,127 మందిలో సగానికి మూడు నెలల లోపు ఇది మొదలుపెట్టి చూశారు, 2007 నాటి మాట. మళ్ళీ ఏదో ఒక ఎముక విరిగినవాళ్ళు ఉత్త సెలైన్ ఎక్కించిన గుంపులో నూటికి 13.9, మందు గుంపులో 8.6. అంతకంటే ఆశ్చర్యం, చనిపోయినవాళ్ళు 13.3 నుంచి 9.6కి తగ్గారు. ఎముక మందు ప్రాణం ఎలా కాపాడిందనేది ఇప్పటికీ పూర్తిగా తేలని విషయమే. మొదటి డ్రిప్ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి, భయపడకండి. అయితే ముందు కిడ్నీ పరీక్ష, విటమిన్ డి, కాల్షియం చూడాలి, పళ్ళు పీకించే పని ఏదైనా ఉంటే ముందే కానిచ్చుకోవాలి.

"ఆ మందులతో తొడ ఎముక విరుగుద్దట కదా" అని అడుగుతారని తెలుసు. అవును, అలా అరుదుగా జరుగుతుంది, దాచను. దాదాపు రెండు లక్షల మంది ఆడవాళ్ళ రికార్డులు చూసి 2020లో ఒక లెక్క చెప్పారు, అందులో ఆసియా సంతతి ఆడవాళ్ళకి ఈ రిస్క్ ఎక్కువే అని తేలింది. వాళ్ళలో పదివేల మంది మూడేళ్ళు ఈ రకం మందు వాడితే 91 తుంటి ఫ్రాక్చర్లు తప్పుతాయి, 8 మందికి ఇలా తొడ ఎముక విరగొచ్చని. అయినా తక్కెడ మందు వైపే మొగ్గుతుంది. ఊరికే వాడుకుంటూ పోకుండా మూడు నుంచి అయిదేళ్ళకి ఒకసారి ఆపాలా వద్దా అని చూసుకోవాలి, తొడలో గానీ గజ్జలో గానీ కారణం లేకుండా సలుపుతుంటే వెంటనే ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆర్నెల్లకోసారి చర్మం కిందకి ఇచ్చే డెనోసుమాబ్ అనే ఇంకో ఎముక మందు వాడుతుంటే మాత్రం ఒక్క డోసు కూడా ఎగ్గొట్టొద్దు, చెప్పాపెట్టకుండా ఆపితే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి 78. ఫ్రాక్చర్‌తో చేరితే, ఒక రీసెర్చ్‌లో చేరతారా అని ఒక ఫారం ఇచ్చారు, ఏ ట్రీట్‌మెంట్ వస్తుందో కంప్యూటర్ తేలుస్తుందట. మా నాన్న మీద ప్రయోగాలా? వెంటనే కాదనేశాం. తర్వాత నుంచి మనసులో ఏదోలా ఉంది. – ఒక పెద్ద కొడుకు

జవాబు: కాదనడం మీ హక్కు, దానికి మనసులో ఏమీ పెట్టుకోకండి, మీరు కాదన్నారని ఆయన వైద్యం ఇసుమంత కూడా తగ్గకూడదు. కానీ కంప్యూటర్ ఎందుకు తేలుస్తుందో చెప్తా, వచ్చేసారి ఎవరికైనా పనికొస్తుంది. రెండు చికిత్సలూ వాడుకలో ఉన్నాయి, ఏది మేలో డాక్టర్లకి నిజంగా తెలీదు, అలాంటప్పుడే ఇలాంటి ట్రయల్ పెట్టాలి. డాక్టర్ చేతికి వదిలేస్తే గట్టిగా ఉన్నవాళ్ళని ఒక వైపు, నీరసంగా ఉన్నవాళ్ళని ఇంకోవైపు తెలీకుండానే సర్దేస్తాడు, తర్వాత ఏది గెలిచినా అది చికిత్స గొప్పో పేషెంట్ గొప్పో తెలీదు. అందుకని చీటీ తీసినట్టు చేస్తారు. పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ ముందే చూసి ఒప్పుకోవాలి, ఎప్పుడైనా సరే మానేస్తాం అని బయటికి రావొచ్చు.

ఫారం చేతికిచ్చినప్పుడు ఇవి అడగండి: చేరకపోతే ఏ వైద్యం చేసేవాళ్ళు, అదనంగా ఎన్ని పరీక్షలు, ఎన్నిసార్లు రావాలి, ఏదైనా తేడా జరిగితే ఖర్చు ఎవరిది, ఫోన్ చెయ్యాలంటే ఎవరికి. గాభరాలో ఉన్న మనిషి చేత అయిదు నిమిషాల్లో సంతకం పెట్టించుకోవడం పద్ధతి కాదు. నాన్నగారికి జ్ఞాపకం సరిగ్గా లేకపోతే ఆయన తరఫున మీరు ఒప్పుకోవచ్చు, కానీ మీకు ఏది సౌకర్యం అనే లెక్క పక్కన పెట్టి, ఆయన మంచిగా ఉంటే ఏమనేవారు అని ఆలోచించి ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి, దీని గురించి నాకు చాలా పట్టింపు. కిడ్నీ బాలేదని, మందులు ఎక్కువ వాడతారని, మతిమరుపు ఉందని, మళ్ళీ చెకప్‌కి రాలేరని పెద్దవాళ్ళని ట్రయల్స్‌లోంచి ఏళ్ళ తరబడి తప్పించారు. 55 ఏళ్ళ వాళ్ళ మీద చూసిన మందు 85 ఏళ్ళ వాళ్ళకి రాసిచ్చాం. పైన నేను చెప్పిన ఆ అంకెలన్నీ ఉన్నాయి కదా, ప్రతి అంకె వెనకా విరిగిన తుంటితో మంచం మీద పడుకుని సరే అన్న ఒక పెద్దమ్మో పెద్దాయనో ఉన్నారు. నార్వేలో ఒక ఆస్పత్రిలో 70 దాటిన 397 మందిని సగం ఎముకల వార్డులో, సగం వృద్ధుల వైద్యుల వార్డులో పెట్టి, నాలుగు నెలలకి వాళ్ళ నడక కొలిచారు, వృద్ధుల వార్డులో ఉన్నవాళ్ళ నడక మెరుగ్గా ఉంది. 2015లో అది అచ్చయింది. ఎక్స్‌రేలో అతుకు చూసి ఊరుకోకుండా మనిషి లేచి నడుస్తున్నాడా అని కొలవడం, నాకు ఆ పరిశోధనలో నచ్చింది అదే.

ప్రశ్న: వయసు 71, మోకాలి గుజ్జు అరిగిపోయిందన్నారు. చిన్న రంధ్రాలు పెట్టి లోపల కడిగేస్తే సరిపోతుందని ఒకచోట, రక్తం తీసి శుద్ధి చేసి ఇంజెక్షన్ ఇస్తామని ఇంకోచోట చెప్పారు. ఏది నమ్మాలి?

జవాబు: కడగడం గురించి ఒక కథ లాంటి నిజం చెప్తా. 2002లో అమెరికాలో మోకాళ్ళు అరిగిన 180 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి లోపల గీకి శుభ్రం చేశారు, ఒక గుంపుకి నీళ్ళతో కడిగారు, మూడో గుంపుకి ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదంటే, మత్తిచ్చి మోకాలి మీద చర్మం వరకు మూడు చిన్న గాట్లు పెట్టారు, సర్జన్ పనిముట్లు అందుకుంటూ నిజంగా చేస్తున్నట్టే మోకాలు అటూ ఇటూ వంచాడు, కడుగుతున్న చప్పుడు రావాలని నీళ్ళు కూడా చిలకరించారు. పేషెంట్లందరికీ ముందే చెప్పి, మీకు ఉత్తుత్తి ఆపరేషన్ కూడా రావొచ్చు అని రాయించుకునే చేశారు. రెండేళ్ళు చూశారు. మూడు గుంపుల నొప్పీ ఒకటే! నిజంగా చేయించుకున్నవాళ్ళు ఏ దశలోనూ ముందుకి పోలేదు. కాబట్టి ఉత్త అరుగుదలకి కడిగించుకోకండి. లోపల ముక్క ఏదో అడ్డుపడి మోకాలు సడన్‌గా బిగుసుకుపోతుంటే అది వేరు.

రక్తం ఇంజెక్షన్, అదే పీఆర్‌పీ, 288 మంది మీద ఉప్పునీళ్ళ ఇంజెక్షన్‌తో పోల్చి 2021లో చెప్పారు, ఏడాదికి నొప్పిలోనూ గుజ్జులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది గానీ, మూడు నెలలకోసారి రెండేళ్ళు పొడిపించుకున్నవాళ్ళలో గుజ్జు ఇంకాస్త ఎక్కువ కరిగిందని 2017లో తేలింది.

మరి ఏం చెయ్యాలంటే తొడ కండ గట్టిపడే వ్యాయామం, బరువు ఉంటే తగ్గడం, ఇవి మూడు నెలలు మనసుపెట్టి చెయ్యాలి, వారం చేసి లాభం లేదంటే కుదరదు. డెన్మార్క్‌లో కీలు మార్చడానికి తగినవాళ్ళు 100 మందిని తీసుకుని, సగానికి మార్చి వ్యాయామం చేయించారు, సగానికి వ్యాయామం, మిగతా వైద్యం మాత్రమే. మార్పించుకున్నవాళ్ళకి లాభం సుమారు రెట్టింపు, పెద్ద ఇబ్బందులు కూడా వాళ్ళలోనే ఎక్కువ. కానీ రెండో గుంపు కూడా బాగానే మెరుగైంది, ఆ ఏడాదిలో వాళ్ళలో నలుగురిలో ఒకరే ఆపరేషన్‌కి వెళ్ళారు. రాత్రి నిద్రలో కూడా నొప్పి లేపుతుంటే, నాలుగడుగులు వెయ్యలేకపోతుంటే అప్పుడు కీలు మార్పిడికి సంకోచించొద్దు, అది నిజంగా మంచి ఆపరేషన్.

ప్రశ్న: విటమిన్ డి రోజూ వేసుకోవడం మర్చిపోతున్నా. ఏడాదికి సరిపడా ఒకేసారి వేసుకుంటే?

జవాబు: వద్దండీ. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ళ మీద ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు, లేదంటే ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. విటమిన్ వేసుకున్నవాళ్ళే ఎక్కువ పడ్డారు, ఎక్కువ విరగ్గొట్టుకున్నారు, 2010లో ఇది బయటికొచ్చినప్పుడు మేమందరం నోరెళ్ళబెట్టాం. ఇక లోటు లేని ఆరోగ్యవంతులు రోజూ 2,000 యూనిట్లు వేసుకున్నా ఫ్రాక్చర్లు తగ్గవని దాదాపు 26 వేల మంది మీద చూసి 2022లో చెప్పారు. లోటు ఉంటేనో, ఎముక మందు వాడుతుంటేనో, ఎండ తగలకుండా ఇంట్లోనే ఉంటేనో అవసరమే, డాక్టర్ చెప్పిన మోతాదులో.

ప్రశ్న: అమ్మమ్మ ఒకసారి పడ్డాక మళ్ళీ పడతానేమో అని కుర్చీలోంచి లేవడం మానేసింది. దెబ్బలేం తగల్లేదు. బలవంతం చెయ్యాలా వద్దా? – ఒక మనవరాలు

జవాబు: బలవంతం వద్దు తల్లీ, పక్కన నిలబడు చాలు. భయంతో కూర్చుంటే కండ పోతుంది, కండ పోతే నిజంగానే పడతారు. వ్యాయామంతో పడటం తగ్గుతుందా అని 108 ట్రయల్స్, 23 వేలకి పైగా మనుషులు, అన్నీ కలిపి 2019లో లెక్క కట్టారు, పడే సార్లు నూటికి 23 వంతులు తగ్గాయి. వాటిలో ముఖ్యంగా పనిచేసింది బ్యాలెన్స్, లేవడం కూర్చోవడం లాంటివి.

ముందు ఆవిడ మందుల సంచీ డాక్టర్ గారి టేబుల్ మీద గుమ్మరించు, నిద్రమాత్రలు, కళ్ళు తిరిగేలా చేసే బీపీ మాత్రలు ఏమైనా ఉన్నాయేమో చూడమను, బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమను. కంట్లో శుక్లం ఉంటే వాయిదా వెయ్యకండి, 70 దాటిన ఆడవాళ్ళకి మొదటి కంటి ఆపరేషన్ ఆలస్యం లేకుండా చేస్తే పడటం మూడో వంతు తగ్గిందని 2005 నాటి ట్రయల్ ఉంది.

తర్వాత, చేతులున్న గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి వెయ్యి, వెనక్కి జారకుండా. అమ్మమ్మని కుర్చీ అంచుకి జరగమను, పాదాలు రెండూ మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి పెట్టుకుని, ముక్కు కాలి వేళ్ళ మీదకి వచ్చేలా ముందుకి వంగి, చేతులతో నొక్కుకుంటూ లేవమను. లేచాక మూడు అంకెలు లెక్కపెట్టి, ధబాల్న పడిపోకుండా మెల్లగా కూర్చోవాలి. మొదటి రోజు మూడుసార్లు చాలు. రెండు మూడు వారాల్లో ఒక చేత్తో, తర్వాత చేతులు ఆనించకుండా లేవగలరేమో చూడండి. మొదట్లో నీ చెయ్యి ఆవిడ నడుము వెనక ఉండాలి, తగలకుండా, దగ్గరగా. రోజూ ఎన్నిసార్లు లేచారో కేలండర్ మీద ఆవిడ చేతే రాయించు, నెల తిరిగాక ఆ లెక్క నాకు పంపించు, చూస్తా.